గాలిలో వేలాడిన కొయ్య చిలుక

అది ప్రమాది నామ సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ తదియ. తొలకరి కురిసి వెలిసింది. ఎండ కాసేసరికి నేలలోంచి ఉసిళ్లు పొగలా లేచాయి. ఆ రోజే, పిల్లలూ, మృత్తికాపురం రాజుగారి మూడో కొడుకు నిషంగుడు ప్రయాణం కట్టాడు!

ఎక్కడికంటారా? అతనికి కుదిరిన పెళ్లికూతురు సౌగంధికను కరాళుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. "పున్నమిలోగా నన్ను పెళ్లాడకపోతే రాయైపోతావు" అన్నాడట. విడిపించబోయిన అన్నలిద్దరూ అప్పటికే రాళ్లయ్యారు.

వంటవాళ్లు ఉసిళ్లను వేయించుకోవడానికి బుట్టలకెత్తుతున్నారు. "వదలండ్రా, పాపం!" అని నిషంగుడు బుట్టలు బోర్లించాడు. మూడు జంటలు అతని భుజం మీద వాలాయి.

"బాబూ, మేం చెదల రాజులం, రాణులం. మాది పుట్ట, వీళ్లది ముక్కుల దండు, వాళ్లది ఎండుకర్ర కాపురం. నీ వెంట వస్తాం" అన్నాయి.

చెదల్లో రాజు పెళ్లయ్యాక కూడా రాణి పక్కనే బతుకుతాడు. చీమల్లో మగవాడికి అంత ఆయుష్షు లేదు. కాలేజీలో చదివినదాంట్లో నాకు మిగిలింది ఇదొక్కటే. సరే, కథ!

ఎండు దుంగ మీద ఏడు సముద్రాలూ దాటి, పున్నమి నాటి పొద్దున దీవి చేరారు. కోటగోడ ఆకాశమంత! పుట్టరాణి పిలిస్తే ఆ దీవిలోని ఆమె జాతి కూలీలు గోడ కింద సొరంగం తవ్వేశారు. లోపల పిల్లులంతేసి ఎర్రచీమలు! ముక్కుల దండు రాణి పిలిస్తే ఆమె జాతి సిపాయిలొచ్చి ముక్కులెత్తి జిగురు చిమ్మారు. చీమలు ఎక్కడివక్కడే అంటుకుపోయాయి!

కొయ్య మేడ నడుమ నీటి మడుగు. దానిపైన ఇనుప గొలుసుకు కొయ్య చిలుక. కరాళుడి ప్రాణం అందులోనే ఉంది. పక్కన సౌగంధిక, నడుం దాకా రాయైపోయి!

"రారా అబ్బాయ్!" అని నవ్వాడు కరాళుడు. "చెదలు నేలలోంచి రావాలి, తడిమట్టితో దారి కట్టుకోవాలి. నా చిలుకకు నేలే తగలదే!"

"అది మా చుట్టాల పద్ధతి, తాతా!" అంది ఎండుకర్ర రాణి. "మాకు మన్నూ వద్దు, నీళ్లూ వద్దు. తినే కర్రే మా ఊరు!"

ఆమె పిలవగానే ఆ జాతి ఉసిళ్లు కిటికీలోంచి గుంపుగా ఎగిరొచ్చి చిలుక మీద వాలి, రెక్కలు రాల్చి లోపలికి దూరాయి. కరకర, కరకర, కరకర! పైకి చిలుక చిలుకలాగే ఉంది. లోపలంతా డొల్ల! నిషంగుడు గులకరాయి విసిరాడు. చిలుక పిండైంది. కరాళుడు కూలాడు. రాళ్లన్నీ మనుషులయ్యాయి.

"ఇంత ఆలస్యమా?" అంది సౌగంధిక.

పెళ్లి జరిగింది. పెద్దన్నకు సింహాసనం, రెండో అన్నకు గుర్రపు దండు వచ్చాయి. నిషంగుడూ సౌగంధికా ఆ దీవిని నూరేళ్లు ఏలారు. పుట్టచెదలకు కోట పెరడు, ముక్కుల దండుకు గడ్డిబీడు, ఎండుకర్ర వాళ్లకు కొయ్య మేడ దక్కాయి.

కొన్నేళ్లకు కరాళుడి మేనల్లుడొకడు "మేడ నాది!" అంటూ తాళంచెవి పట్టుకొచ్చి తలుపు తట్టాడు. మేడంతా పొడిపొడిగా రాలింది. వాడికి మిగిలింది తాళంచెవే!