ఒళ్లో కూజా

తాళ్లగిరి రాజు పెద్దిభూపతికి అతిథి వస్తే పండగే. ఆ వేసవిలో పెద్రో అనే పరంగి యాత్రికుడు వచ్చాడు. ఏ దేశం వెళ్లినా అక్కడి జనం తాగే మత్తుపానీయాలు రుచి చూడటం అతని సరదా. దుబాసీ ఆ మాట చెప్పగానే రాజుకి హుషారొచ్చింది.

"మనవన్నీ దొరగారికి రుచి చూపించండి! ఈయన లొట్టలేసి, ఇలాంటిది ఎక్కడా తాగలేదు అనేలా చేసినవాడికి కోరింది ఇస్తాను."

పానశాల అధికారి దండపాణి మీసం దువ్వాడు. "తప్పకుండా ప్రభూ. కల్లు మాత్రం కోటలోకి రానివ్వకండి. కూలీనాలీ తాగేది అతిథికి పోస్తే మన పరువేం కాను?"

విదూషకుడు బుచ్చెన్నకి ఒళ్లు మండింది. అతన్ని పెంచిన మేనమామ నారయ్య ఏటిగట్టు తోపులో తాటిచెట్లు గీసి కల్లు దింపేవాడే. అయినా రాజు తలూపేశాక చేసేదేముంది?

కొండవాళ్ల ఇప్పసారా వచ్చింది. పెద్రో ఒక గుక్క తాగి, కళ్లు తుడుచుకుని, బాగుందన్నాడు. కానీ ఇలాంటి మంట వాళ్ల దేశంలోనూ ఉందట. చెరకుసారా వచ్చింది. అదీ ఎరిగినదేనట. ద్రాక్షసారా సంగతి చెప్పనే అక్కర్లేదు, అది వాళ్లింట్లో మంచినీళ్లు.

అప్పుడు దండపాణి వెండి కూజా పట్టుకొచ్చాడు. "ఇంద్రమధువు! ముత్యాల భస్మం, కుంకుమపువ్వు వేసి మా తాతలనాటి రహస్యంతో చేశాను."

పెద్రో తాగాడు. లొట్ట వేశాడు. మళ్లీ గిన్నె చాపాడు. "ఇలాంటిది ఏ దేశంలోనూ లేదు!"

"కోరుకో" అన్నాడు రాజు.

"ఏటిగట్టు తాటితోపు ఇప్పించండి ప్రభూ. ఆ గీతగాళ్లని వెళ్లగొట్టి మధుశాల కట్టిస్తాను."

బుచ్చెన్న పెద్రో గిన్నె అందుకున్నాడు. మామ ఆ చెట్లెక్కే బతికాడు, తననీ బతికించాడు. గిన్నెలో మిగిలిన చుక్క వేలితో తీసి నాకి చూశాడు. కుంకుమపువ్వు వాసన పైపైనే. ఉన్నదల్లా పొద్దున దింపిన తాటికల్లు! తోపు చేతికొస్తే గుట్టు బయటపడదని వీడి ఎత్తు. కానీ అధికారిని దొంగ అంటే నమ్మేదెవరు?

తల గోక్కుని ముందుకొచ్చాడు. "ప్రభూ, ఇంత గొప్ప మధువు మనమే తాగేస్తామా? దొరగారి రాజుకి కానుక పంపొద్దూ? కూజాకి బిరడా బిగించి, లక్క పోసి, తమ ముద్ర వేయించండి."

"భేష్!" అన్నాడు రాజు.

దండపాణి మొహం మాడిపోయింది. "అది... దానికి గాలి తగలాలి ప్రభూ."

"అయ్యో, గాలి తగిలితే ముత్యాల భస్మం ఎగిరిపోదూ?" అన్నాడు బుచ్చెన్న. "కానుక తీసుకెళ్లే పల్లకీ వచ్చేదాకా అధికారిగారే ఒళ్లో పెట్టుకుని కాపలా కాస్తే మనకీ ధైర్యం."

బిరడా బిగించారు. లక్క పోశారు. ముద్ర వేశారు. ఎండ పడే మెట్టు మీద దండపాణి కూజాని ఒళ్లో పెట్టుకుని, బిరడాని అరచేత్తో అదిమి కూర్చున్నాడు.

కాసేపటికి కూజాలోంచి బుస్సుమని వినిపించింది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు రాజు.

"నా కడుపు ప్రభూ. పొద్దున్నుంచి పస్తు" అన్నాడు దండపాణి, చెమటలు కక్కుతూ.

"పాపం, అధికారిగారి కడుపు కూజాలో ఉన్నట్టుంది" అన్నాడు బుచ్చెన్న.

ఢాం!

బిరడా తలపాగాని ఎగరేసుకుపోయింది. తెల్లటి నురగ మీసాల మీంచి ఒళ్లోకి కారింది. పులిసిన కల్లు వాసన సభంతా గుప్పుమంది. భటులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ముసిముసిగా నవ్వారు. ఆ వాసన వాళ్లకి తెలియంది కాదు.

"ఏమిటిది?" రాజు లేచి నిలబడ్డాడు.

బుచ్చెన్న చేతులు కట్టుకున్నాడు.

"ముత్యాలు పొంగవు ప్రభూ. మా మామ దింపిన తాటికల్లు మాత్రం, రాజముద్ర వేసినా నోరు మూసుకోదు!"

రాజు బిత్తరపోయి, ఆనక పొట్ట పట్టుకుని నవ్వాడు. దుబాసీ విడమరిచి చెప్పగానే పెద్రో ఇంకా గట్టిగా నవ్వి, దండపాణి మీసం మీది నురగ వేలితో తీసి నాకాడు. "పేరేదైనా నా మాట మాటే. ఇలాంటిది ఎక్కడా లేదు."

"అయితే గెలిచింది కల్లు! కోరుకో బుచ్చెన్నా" అన్నాడు రాజు.

"తోపు గీసేవాళ్లకే ఉంచండి ప్రభూ. అంతకన్నా ఏమీ వద్దు."

"ఉంచాను!" రాజు మెళ్లోని ముత్యాలహారం తీసి అతని మెడలో వేశాడు. "వీటిని మాత్రం భస్మం చెయ్యకు. దండపాణీ, రేపు పొద్దున్నే దొరగారిని తోపుకి తీసుకెళ్లు. నారయ్య పోస్తాడు, నువ్వు తాటాకు దొన్నె పట్టుకో."

సభ మళ్లీ ఘొల్లుమంది. తలపాగా వెతుక్కుంటున్న దండపాణి ఒక్కడే నవ్వలేదు.