గడ్డి కలపని గుమ్మం

చెప్పేవాళ్ళు చెప్పగా వినేవాళ్ళు వినగా, సముద్రాలకు ఆవల ఒక వానల అడవిలో పొగడ అనే చిన్న పాటల పిట్ట ఉండేది. వయసు రెండు వానాకాలాలు. రాలిన ఆకు కనబడితే ముక్కుతో తిరగేసి, కింద ఏముందో చూడనిదే కదిలేది కాదు.

పొగడది పొయ్యిపిట్టల వంశం. వంశం పెద్దది, ఇళ్ళు రకరకాలు. అసలు పొయ్యిపిట్టలు కొమ్మల మీద మట్టితో, పొయ్యిలాంటి గుండ్రటి గూడు కడతారు. కొందరు చుట్టాలు ముళ్ళపుల్లలతో మేడలు కడతారు. కొందరు చెట్టు తొర్రల్లో ఉంటారు. పొగడ వాళ్ళు ఏటిగట్టున బొరియ తవ్వుకుంటారు. అందుకని మిగతావాళ్ళకి వాళ్ళంటే కాస్త చులకన.

పొగడ పెద్దమ్మ కూతురు జేగురు. జేగురు మొగుడు కుంభయ్య, అసలు పొయ్యిపిట్ట. అంత అందమైన మట్టిగూడు అడవిలో ఇంకెవరూ కట్టలేదని అందరూ కుంభయ్యని మెచ్చుకునేవారు. ఆ గూడు ఇద్దరూ కలిసి కట్టారు. మెప్పు మాత్రం ఒక్కడికే వచ్చింది.

ఒకనాడు పొగడ గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. చెల్లెల్నీ పిల్లల్నీ చూసి వద్దామని జేగురు వెళ్ళింది. ఇంతలో పెద్దవాన పట్టుకుంది. ఏరు బొరియ కిందిదాకా పొంగింది. తెల్లవార్లూ ఆమె చెల్లెలి బొరియలోనే ఉండిపోయింది.

పొద్దున్నే ఇంటికొస్తే కుంభయ్య గుమ్మం పక్కన కూర్చుని ఉన్నాడు. లోపలికెళ్ళి రెక్కలు ఆరబెట్టుకోమన్నాడు. ఆమె లోపలికి వెళ్ళింది. వెళ్ళి ఆ అలసటలో అలాగే నిద్రపోయింది. లేచేసరికి గుమ్మం లేదు. తడిమట్టితో మూసేశాడు.

వంశంలో అది పాత ఆచారం. రాత్రి బయట గడిపిన ఆడదాన్ని లోపల పెట్టి మూసేస్తే, పరువు బయటికి పోదట.

కబురు పొగడకి చేరింది. పిల్లల్ని మొగుడికి అప్పగించింది. అతను వాటిని రెక్కల కింద పొదువుకుని, వెళ్ళిరమ్మన్నాడు. వాళ్ళింట్లో అది వింతేమీ కాదు.

పొగడ మొదట ముళ్ళగూటి అత్త దగ్గరికి వెళ్ళింది. అత్త తన పుల్లలు సర్దుకుంటూనే, ఆలుమగల మధ్యకి మనమెందుకమ్మా అంది. తర్వాత తొర్ర మామ దగ్గరికి వెళ్ళింది. మామ మాను మీద పైకి పాకుతూనే మాట్లాడాడు. కుంభయ్య చాలా మంచివాడు, ఏనాడైనా గొంతు పెంచాడా అన్నాడు. గొంతు పెంచలేదు మామా, గోడ పెంచాడు అంది పొగడ. అప్పటికి మామ వినబడనంత పైకి పోయాడు.

చివరికి వంశపెద్ద తాత దగ్గరికి వెళ్ళింది. తాత కళ్ళు మూసుకుని అంతా విన్నాడు.

"రాత్రి ఎక్కడుంది అది?"

"నా దగ్గరే ఉంది తాతా."

"నువ్వు దాని చెల్లెలివి. నీ మాట చెల్లదు."

"మరి ఎవరి మాట చెల్లుతుంది?"

"మొగుడి మాట."

"బావ రాత్రంతా ఇంట్లో ఉన్నాడు. అక్క ఎక్కడుందో ఆయనకేం తెలుసు?"

తాత నిద్రపోయాడు. పెద్దవాళ్ళకి ఎప్పుడు నిద్రపోవాలో తెలుసు.

పొగడ గూటి మీద వాలేసరికి ఎండ ఎక్కుతోంది. కుంభయ్య లేడు. చుట్టాల ఓదార్పు అందుకోవడానికి వెళ్ళాడు. పొగడ గోడకి ముక్కు ఆనించి, ఏటి నీళ్ళు తెచ్చి గుమ్మం తడుపుతానని, నానగానే పొడుస్తానని చెప్పింది.

లోపల్నుంచి జేగురు గొంతు నీరసంగా వచ్చింది.

"తడపకే. ముద్దై మళ్ళీ అతుక్కుంటుంది. ఈ గూటికి మట్టి తెచ్చింది మీ బావ. గడ్డి ఏరి అందులో కలిపింది నేను. గుమ్మం ఆయన ఒక్కడే మూశాడు. మట్టిలో గడ్డి కలపాలని కూడా ఆయనకి తెలీదు. ఎండనీ. అదే పగులుతుంది."

"అప్పటిదాకా లోపల ఉడికిపోతావక్కా."



పొగడ కిందికి దిగింది. పైన రాలిన ఆకులు ఎండిపోయి ఉన్నాయి. వాటిని తిరగేస్తే, అడుగున రాత్రి వానకి నానిన ఆకులు చల్లగా ఉన్నాయి. ఒక్కొక్కటే తెచ్చి గూడంతా కప్పింది. గుమ్మాన్ని మాత్రం ఎండకి వదిలేసింది. ఆకు ఆరితే తీసి పారేసి మరో తడి ఆకు వేసింది.

వేస్తూ పిల్లల కబుర్లు చెప్పింది. పెద్దదానికి అప్పుడే ఆకలెక్కువ. చిన్నది తండ్రి రెక్క కింద నుంచి బయటికి రానంటోంది. లోపల్నుంచి జేగురు ఊ కొడుతూ ఉంది. కాసేపటికి ఊ కొట్టడం ఆగిపోయింది.

పొగడ గొంతు మారనివ్వలేదు.

"ఊ కొట్టక్కా. ఊ కొట్టకపోతే నేను చెప్పను."

ఆకు మీద ఆకు వేసింది. మళ్ళీ అడిగింది. మళ్ళీ అడిగింది. చాలాసేపటికి, చీమ నడిచినంత చప్పుడుతో, లోపల్నుంచి ఊ అని వినిపించింది.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గుమ్మం మీద సన్నటి బీట పడింది. పొగడ బయటి నుంచి పొడిచింది. జేగురు లోపలి నుంచి పొడిచింది. మట్టి పెళ్ళలుగా ఊడింది. జేగురు కొమ్మ మీదికి వచ్చి నోరు తెరుచుకుని కూలబడింది. పొగడ తడి ఆకు చివర నుంచి చుక్కచుక్కగా నీళ్ళు పట్టింది.

కుంభయ్య చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. పగిలిన గుమ్మం చూసి, అందరూ వింటూ ఉండగా, సర్లే, ఈసారికి క్షమించాను, ఇంట్లోకి రా అన్నాడు.

జేగురు గూటిని ఒకసారి కలయజూసింది.

"గడ్డి కలుపుకుని బాగుచేసుకో," అనేసి చెల్లెలి వెంట ఎగిరిపోయింది.

పిల్లలూ, ఇందులో నీతి ఇది. గోడ వెనక ఎవరన్నా ఉంటే ముందు బయటికి తియ్యండి. రాత్రి ఎక్కడున్నావని ఆ తర్వాత కూడా అడక్కండి.

పొగడ తన జీవితంలో ఇంకా మూడు గూళ్ళు తెరిచింది. ఒకదానికి ఆలస్యంగా చేరింది.