వడకి కోటయ్య అని పేరు పెట్టినవాళ్ళు

గవర్రాజు ఇంట్లో తెలివికి కొదవ లేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, గవర్రాజే అన్నాడు. "నాకు తెలివి, మా తమ్ముడు అబ్బులికి తెలివి, మా ఆవిడ పేరంటాలికైతే తెలివి పొంగి పొర్లిపోతోంది" అని కనిపించినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు. పక్కనున్న అబ్బులు "అవునన్నయ్యా, పొర్లుతోంది" అంటూ, కాలికి తగులుతుందేమోనని నేల చూసుకుని నడిచేవాడు.

అలాంటి ఇంటికి హైమావతి గారు కంపైలర్ పని తెచ్చిచ్చింది. ఆవిడ టిఫిన్ హోటళ్ళకి యంత్రాలు చేయిస్తుంది. ఏం వడ్డించాలో తెలుగులో రాస్తే చాలు, కంపైలర్ దాన్ని యంత్రానికి తెలిసే భాషలోకి మార్చేస్తుంది. మార్చేముందు రాసినదాన్ని ముక్కలు చేసి వంశవృక్షంలా పేరుస్తుంది. పైన పెద్దలు, కింద పిల్లలు. ఒక్కో ముక్కని నోడ్ అంటారు. ఏ నోడ్ ఏదో గుర్తుపట్టడమే మనవాళ్ళ పని.

"సాయంత్రం హోటల్లో యంత్రం మొదలెడుతున్నాం. బాగా నడిస్తే ఈ పని ఎప్పటికీ మీదే. లేదంటే నేనేం చెయ్యలేను" అంది హైమావతి గారు.

పని పోతే గవర్రాజు మామగారి బట్టీలో ఇటుకలు మొయ్యాలి. ఆ మామగారేమో "అల్లుడు గారూ, ఎప్పుడొస్తారు?" అని ఊరికే కబుర్లంపుతున్నాడు.

"ఒక్కటి మరిచిపోకండి. ఒకే నోడ్ రెండు చోట్ల ఉండకూడదు" అని చెప్పి ఆవిడ వెళ్ళింది.

వచ్చిన ప్రోగ్రాం చిన్నదే, ప్లేటుకి 2 ఇడ్లీ, 2 వడ. ఇడ్లీ కింద ఒక 2, వడ కింద ఒక 2 కూర్చున్నాయి. గవర్రాజు కళ్ళజోడు సర్దుకుని వడ కిందున్న 2ని చూశాడు.

"ఒరే అబ్బులూ, వీణ్ణి ఇందాక ఇడ్లీ దగ్గర చూశాం కదరా!"

"చూశామన్నయ్యా. అదే మెడ, అదే తోక."

"ఒక్కడే రెండిళ్ళల్లో భోంచేస్తున్నాడన్నమాట, సిగ్గులేని వెధవ!" అంది పేరంటాలు.

అంతే, వడ కిందున్న 2ని పీకి పారేశారు. ఇంకేముంది! ఇంట్లో పెట్టిన నమూనా యంత్రం రెండు ఇడ్లీలు పెట్టి, వడలు మొదలెట్టింది. ఎన్నని చెప్పేవాడు లేడు కదా, పెడుతూనే ఉంది. పళ్ళెం నిండింది, బల్ల నిండింది, అబ్బులు లుంగీ పట్టాడు, అదీ నిండింది.

కబురందుకుని హైమావతి గారు పరుగెత్తుకొచ్చింది. "మొహం చూసి కాదు గవర్రాజు గారూ, చోటు చూసి గుర్తుపట్టండి!"

"అదెంత పని మేడం గారూ!" అన్నాడు గవర్రాజు. మొదటి చోటునున్నది ఆవిరికి, రెండో చోటునున్నది నూనెకి అని ఖాయం చేసేశాడు. కాసేపటికి ఆవిడ ఫోన్ చేసి, అన్నిటికంటే ముందు చట్నీ చేర్చమంది. చేర్చారు. ఇంకేముంది! చట్నీ ఆవిరి మీద ఉడికింది, ఇడ్లీలు నూనెలో దూకాయి, వడ పచ్చిపిండిలా వచ్చి ప్లేట్లో చతికిలబడింది.

పేరంటాలు వేగిన ఇడ్లీ ఒకటి కొరికి చూసింది. "కరకరలాడుతోందండీ. తప్పెక్కడో నాకైతే తెలీడంలేదు."

ఫోన్‌లో విన్న హైమావతి గారికి తెలిసింది. "చోట్లు మారతాయండీ బాబూ! పుట్టగానే ఒక్కోదానికీ ఒక పేరు పెట్టండి. ఎక్కడికెళ్ళినా, పక్కకి ఎవరొచ్చినా ఆ పేరు మారకూడదు. నేనిప్పుడే వస్తున్నా."

"నామకరణమా! ఈ మాట ముందే చెప్పొచ్చుగా" అని పేరంటాలు మొహం విప్పారింది. పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో పేర్లు రాయించింది. ఇడ్లీకి వెంకాయమ్మ, వడకి కోటయ్య, చట్నీకి పుల్లమ్మ, రెండు 2లకీ పెద్దోడు, చిన్నోడు. అక్షింతలు కూడా చల్లారు. చల్లాక ఆకలేసింది.

హైమావతి గారు రానే వచ్చింది. "పేర్లు పెట్టారా? ఏవీ?"

"తినేశాం మేడం గారూ. కాస్త పలుకుగా ఉడికాయి" అన్నాడు అబ్బులు.

ఆవిడ నెత్తి కొట్టుకుంది. పాపం, మంచి మనిషి, మరొకరైతే అప్పుడే పొమ్మనేవారు. ఆవిడ పక్కనే కూర్చుని ఏ పేరు ఏ నోడ్‌కో దగ్గరుండి అంటింపజేసింది. అదొక్కటీ సరిగ్గా కుదిరింది.

సాయంత్రం హోటల్ కిటకిటలాడుతోంది. యంత్రం తెరమీద ఒక్కో పేరూ చూపిస్తూ వడ్డించింది. వెంకాయమ్మ ఆవిరి మీంచి తెల్లగా వచ్చింది, కోటయ్య నూనెలోంచి ఎర్రగా వచ్చాడు. గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. హైమావతి గారు ఆనందం పట్టలేక "ఇక పని మీదేనండీ!" అంది.

సరిగ్గా అప్పుడే ముందు బల్ల దగ్గరి పెద్దాయన వెంకాయమ్మని చట్నీలో ముంచి నోట్లో వేసుకున్నాడు.

"అయ్యయ్యో, నా తల్లీ!" అని పేరంటాలు గొల్లుమంది. గవర్రాజు కండువాతో కళ్ళొత్తుకున్నాడు. పొద్దున్న పేరు పెట్టిన పిల్ల!

"అవి ఉత్త పేర్లండీ! ఏడవకండి, మళ్ళీ వస్తారు చూడండి" అని హైమావతి గారు కంగారుగా మీట నొక్కింది. రెండో ప్లేటు వచ్చింది. తెరమీద మళ్ళీ అవే పేర్లు.

"వచ్చేశారే! మనవాళ్ళు బతికే ఉన్నారే!" అని గవర్రాజు ఒక్క గెంతు గెంతాడు. ప్లేటు లాక్కుని కండువాలో చుట్టి గుండెకి హత్తుకున్నాడు. మళ్ళీ ఎవడి నోటా పడకూడదని అబ్బులు యంత్రం ప్లగ్గు పీకేశాడు. పీకడం పీకడం గోడలోంచి వైర్లతో సహా పీకాడు. హోటలంతా చీకటైపోయింది. ఆకలితో ఉన్న జనం కేకలు పెట్టారు.

"ఇక చాలు గవర్రాజు గారూ. మీకు నా దగ్గర పని లేదు" అంది హైమావతి గారు.

"పని పోతే పోయింది మేడం గారూ, పిల్లలు దక్కారు, అదే చాలు" అన్నాడు గవర్రాజు కళ్ళు తుడుచుకుంటూ.

ఇంకేం చేస్తారు, మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఇటుక బట్టీకి బయల్దేరారు. ప్లేటు అబ్బులు చేతికిచ్చారు. సగం దారిలో గవర్రాజు వెనక్కి తిరిగి చూస్తే ఏముంది, ఖాళీ ప్లేటు, అబ్బులు మూతికి చట్నీ.

"ఒరే, తినేశావుట్రా!"

"గాభరా పడకన్నయ్యా, మేడం గారు చెప్పలేదూ? మళ్ళీ వస్తారు."

నిజమే కదా అనుకున్నారు అన్నా వదినా. ఖాళీ ప్లేటు రోడ్డు పక్కన పెట్టుకుని, ముగ్గురూ చుట్టూ కూర్చుని, "కోటయ్యా! వెంకాయమ్మా!" అని పిలవడం మొదలెట్టారు.