నవ్వని మొహాలతో జీడిపిక్కల దేశానికి

యానాంలో తెలివైన ఇల్లు ఏదంటే ఊరు ఒక మాట చెబుతుంది, తాతబ్బాయి ఇంట్లోవాళ్ళు ఇంకో మాట చెబుతారు. ఊరు చెప్పే మాట కాసేపట్లో మీకే తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళు చెప్పేదేమిటంటే, లోకంలో జనం సగం విని సగం వదిలేసి చెడిపోతున్నారట, చెప్పింది చెప్పినట్టు చేసేది మాత్రం తామేనట.

"మన బుర్రలోకి ఒక మాట వెళ్ళిందంటే మళ్ళీ బయటికి రాదొదినా," అనేవాడు తాతబ్బాయి తమ్ముడు అబ్బులు.

"ఎలా వస్తదయ్యా, లోపల అంత చోటుంటే!" అని మురిసిపోయేది తాతబ్బాయి భార్య బుల్లెమ్మ.

వాళ్ళ తాత ఫ్రెంచివాళ్ళ పటాలంలో సిపాయి. ఆ పుణ్యాన ఇంటిల్లిపాదికీ ఫ్రెంచి పాస్‌పోర్టులు ఉన్నాయి. ఫ్రాన్సు ఎటు ఉంటుందో చూసినవాళ్ళు లేరు గానీ, తాత నేర్పిన ఫ్రెంచి భాష తాతబ్బాయికి అంతో ఇంతో వచ్చు. సంతలో వంకాయలు బేరమాడేటప్పుడు కూడా నాలుగు ముక్కలు వాడేవాడు. వంకాయలమ్మే ఆవిడ విసుగొచ్చి ధర తగ్గించేసేది.

వీళ్ళకి ఒక్కగానొక్క చెల్లెలు మాణిక్యం. దాని మొగుడు ప్రకాశం జీడిపప్పు మిల్లులో పనిమీద పడమటి ఆఫ్రికా వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. ఆ దేశం పేరు ఇంట్లో ఎవరికీ నోరు తిరగదు గనక అందరూ జీడిపిక్కల దేశం అనేవారు. పెళ్ళయిన చాన్నాళ్ళకి మాణిక్యానికి కొడుకు పుట్టాడు. ఒకరోజు ఫోన్ చేసి ఏడ్చేసింది.

"పెద్దన్నియ్యా, చిన్నాడికి చెవులు కుట్టించాలి. మేనమామ ఒళ్ళో కూచోబెట్టే కుట్టించాలి కదా. అమ్మా నాన్నా ఎలాగూ లేరు. నువ్వూ రాకపోతే నాకు పుట్టిల్లు ఉందని ఎవరనుకుంటారు?"

ఆ మాటకి తాతబ్బాయి గుండె నీరైపోయింది. "నా ఒడి తీసుకుని వస్తానే తల్లీ," అన్నాడు. "ఎక్కడా పెట్టి మర్చిపోను."

అంతే. ముగ్గురూ వీసాల ఏజెంటు జోగారావు దగ్గరికి పరిగెత్తారు.

జోగారావు ఓపికమంతుడు. అప్పటికి. "చూడండీ, మీరు ఉండేది యానాంలో అయినా కాయితాల మీద యూరప్ వాళ్ళు. యూరప్ నుంచి వచ్చేవాళ్ళకి ఆ దేశం ఏం షరతులు పెట్టిందో అవే మీకూను," అని మొదలుపెట్టాడు. పాస్‌పోర్టులో రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఎల్లో ఫీవర్ రాకుండా సూది వేయించుకుని, పసుప్పచ్చ కార్డు తెచ్చుకోవాలి. తిరుగు టికెట్టు ఉండాలి. వీసా మీద వేయడానికి కొత్త ఫొటోలు కావాలి.

"ఫొటోలో నవ్వకూడదు. చెవులు కనబడాలి. దిగాక ఆఫీసరు ఫొటో చూస్తాడు, మీ మొహం చూస్తాడు. రెండూ ఒకటి కాదనిపించిందో, వచ్చిన విమానంలోనే వెనక్కి పంపేస్తాడు," అన్నాడు జోగారావు.

ఇంకేముంది! ఫొటో స్టూడియోలో తాతబ్బాయి పళ్ళు బిగించి, కళ్ళు పెద్దవి చేసి, అప్పులవాడిని చూసినట్టు కెమెరాను చూశాడు. బుల్లెమ్మ అంతకన్నా గట్టిగా చూసింది. అబ్బులు అప్పుడే అన్నం తిని వచ్చాడేమో, మీసం మీద ఒక మెతుకు అంటుకుని ఉంది. ఫొటోలో అది కూడా ముచ్చటగా పడింది.

ఫొటోలు చేతికొచ్చాక ఇంట్లో పెద్ద ఆలోచన నడిచింది.

"ఏవండీ, మొహం తేడా రాకూడదన్నారు కదా. ఇవాళ్టినుంచి మనం నవ్వకూడదు," అంది బుల్లెమ్మ.

"నవ్వితే మనం మనం కాదు," అని తాతబ్బాయి ఒప్పుకున్నాడు.

"మరి నా మెతుకో?" అన్నాడు అబ్బులు.

"రోజూ ఒకటి అంటించుకో. ప్రయాణానికి చిన్న డబ్బాలో అన్నం పెడతాను."

ఆ రోజునుంచి ఇంట్లో నవ్వు బంద్. ఎదురింటివాళ్ళు ఎవరో పోయారనుకుని పలకరించడానికి వచ్చారు.

తర్వాత సూది. సూది వేసిన నర్సమ్మ మంచి మనిషి. పసుప్పచ్చ కార్డులు ముగ్గురి చేతుల్లో పెట్టి, "ఇవి లేకపోతే ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. పసిబిడ్డల్లా చూసుకోండి," అంది.

అంతే. బుల్లెమ్మ పొద్దున్నే లేచి పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని, కార్డులను కాళ్ళమీద పడుకోబెట్టింది. నూనె రాసింది. సున్నిపిండి పెట్టి నలిచింది. గోరువెచ్చని నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో తుడిచి, సాంబ్రాణి పొగ వేసింది. తాతబ్బాయి ఉయ్యాల కట్టాడు. అబ్బులు జోలపాడాడు.

సాయంత్రానికి కార్డుల మీద ఒక్క అక్షరం మిగిలితే ఒట్టు.

"నిద్రపోతున్నాయేమోరా," అన్నాడు తాతబ్బాయి ఆశగా. ఎంతసేపు చూసినా అక్షరాలు లేవలేదు. మళ్ళీ నర్సమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ తల పట్టుకుని, కొత్త కార్డులు రాసి, ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, "ఈసారి పసిబిడ్డలు కాదమ్మా, కార్డులే. కార్డుల్లాగే చూసుకోండి," అని దణ్ణం పెట్టింది.

తర్వాత వీసా. జోగారావు ఎవరెవరి కాళ్ళో పట్టుకుని వీసాలు వేయించి పాస్‌పోర్టులు ఇంటికి పంపాడు. తాతబ్బాయి తెరిచి చూసి కుప్పకూలిపోయాడు. ఖాళీ పేజీ మీద నిండా రంగు రంగుల కాయితం, దానిమీద ముద్ర!

"రెండు పేజీలు ఖాళీగా ఉండాలని ఆయనే చెప్పి, ఎవరితోనో ఇలా పాడుచేయించాడేంటే!" అన్నాడు.

"చూస్తే మనల్ని రానిస్తారా? చిన్నాడి చెవులు ఎవరి ఒళ్ళో కుడతారు?" అని బుల్లెమ్మ కొంగు బిగించింది. పొయ్యిమీద ఇడ్లీపాత్ర పెట్టి, వచ్చే ఆవిరి మీద పాస్‌పోర్టులు పట్టి, మూడు వీసాలూ చక్కగా ఊడదీసింది. అంత అందమైన కాయితాలు పారెయ్యడం ఎందుకని బీరువా తలుపుకి అంటించింది. మర్నాడు అబ్బులు ఆ శుభవార్త జోగారావుకి స్వయంగా చెప్పి వచ్చాడు.

జోగారావు పరిగెత్తుకొచ్చి బీరువా ముందు నేలమీద కూలబడ్డాడు. తర్వాత లేచి, పాస్‌పోర్టులు పట్టుకుపోయి, ఎలాగో మళ్ళీ వీసాలు వేయించాడు. ప్రయాణం రోజున విమానాశ్రయం దాకా వచ్చి మరీ ఇచ్చాడు. చెవులు కుట్టే ముహూర్తం మర్నాడే.

"వీటిని చేత్తో ముట్టుకున్నారంటే నేను గోదాట్లో దూకుతాను," అన్నాడు.

పాపం, మంచివాడు, ఆయన ఎందుకు దూకాలి? బుల్లెమ్మ వంటసామాను మూటలోంచి పట్టకారు తీసింది. ఆ పట్టకారుతోనే పాస్‌పోర్టులు పట్టుకుని విమానం ఎక్కింది, అలాగే దిగింది. దారంతా ముగ్గురూ నవ్వలేదు. పక్క సీటాయన భయపడి వేరే సీటుకి మారిపోయాడు.

దిగాక పొడుగాటి వరస. అద్దం వెనక ఒక ఆఫీసరమ్మ. పేరు మదాం సిరా. నిండైన మనిషి, మెడలో ఫొటో ఉన్న కార్డు. తాతబ్బాయికి ఒకటే బెంగ. ఇక్కడ ఒక్క తప్పు జరిగితే చెల్లెలి పుట్టిల్లు విమానంలో వెనక్కి పోతుంది. అబ్బులు గబగబా డబ్బా తీసి మీసానికి మెతుకు అంటించుకున్నాడు. బుల్లెమ్మ పట్టకారుతో పాస్‌పోర్టులు అందించింది.

మదాం సిరా పట్టకారును చూసింది. మెతుకును చూసింది. ఫొటోలో కూడా మెతుకు ఉండడం చూసి కళ్ళు నులుముకుంది.

"ఎందుకు వచ్చారు?" అని ఫ్రెంచిలో అడిగింది.

"విమానం ఇక్కడే ఆగిందండీ," అన్నాడు తాతబ్బాయి.

"అది కాదు. ఏం పని?"

"కూర్చోవడమేనండీ. మా మేనల్లుడు నా ఒళ్ళో కూర్చుంటాడు."

"మీరు యూరప్ పౌరులేనా?"

"ఒక్క క్షణమండీ," అని తాతబ్బాయి సంచిలోంచి తెలుగు దినపత్రిక తీసి నేలమీద పరిచాడు. ముగ్గురూ దానిమీదికి ఎక్కి నిలబడ్డారు. "ఇప్పుడు అవునండీ. కాయితాల మీద ఉన్నాం."

మదాం సిరా ఆ పత్రికను ఒకసారి తొంగిచూసింది. టికెట్లు చూసింది, పసుప్పచ్చ కార్డులు చూసింది, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ముద్రలు కొట్టి, "నెల రోజులు మీరు ఇక్కడ ఉండొచ్చు," అంది.

"మెర్సీ మదాం!" అని చేతులు జోడించి, తాతబ్బాయి ఆ మాట మిగతా ఇద్దరికీ తెలుగులో చెప్పాడు. అంతే. బుల్లెమ్మ చాప తీసి అక్కడే, ఆ అద్దం ముందే పరిచింది. అబ్బులు దిండు సర్దుకున్నాడు.

"చోటు బాగానే ఉందిలే," అంది బుల్లెమ్మ. "మాణిక్యం ఇల్లు ఇంకా దగ్గరగా ఉంటే బాగుండును."

వెనక వరస వరసంతా గోలెత్తింది. చివరికి బయట ఎదురు చూస్తున్న ప్రకాశాన్ని లోపలికి పిలిపించారు. "బావగారూ, ఇక్కడంటే ఈ దేశమంతా అండీ!" అని చెప్పి, చాపతో సహా లాక్కుపోయాడు.

"దేశమంత చాప లేదు కదా బావా," అని దారంతా దిగులుపడ్డాడు అబ్బులు.

మర్నాడు పొద్దున్నే ముహూర్తం. మాణిక్యం అన్నల్ని చూసి ఒకటే ఏడుపు, ఒకటే నవ్వు. వీళ్ళు మాత్రం కొయ్యబొమ్మల్లా ఉన్నారు. ప్రకాశం ఎక్కడెక్కడో వెతికి పిలిపించిన మనవాళ్ళ కంసాలి బంగారు తీగ సిద్ధం చేసుకున్నాడు. పిల్లాణ్ణి తెచ్చి తాతబ్బాయి ఒళ్ళో కూర్చోబెట్టారు. మెత్తగా, వెచ్చగా, పాలవాసన వేస్తూ ఆ బుల్లి మేనల్లుడు తలెత్తి మేనమామ మొహంలోకి చూశాడు.

ఇంకేముంది! కెవ్వున కేకేశాడు. గుక్కపట్టి ఏడుస్తూ విల్లులా విరుచుకుపోతున్నాడు. కంసాలి సూది వెనక్కి తీశాడు. "ఇలా తల తిప్పేస్తుంటే నేను కుట్టలేను," అన్నాడు.

"అన్నియ్యా, నీ మొహం చూసి జడుసుకుంటున్నాడు. ఒక్కసారి నవ్వరా!" అని మాణిక్యం బతిమాలింది.

"నవ్వితే నేను నేను కానే. పంపించేస్తారు."

"ముహూర్తం దాటిపోతోంది అన్నియ్యా!"

తాతబ్బాయి పిల్లాణ్ణి చూశాడు. ఆ ఎర్రబడ్డ మొహం, ఆ వణికే పెదవి, చిన్నప్పటి మాణిక్యమే. నవ్వకపోతే చెల్లెలికి చెవులు కుట్టే పండగ లేదు. నవ్వితే తనకి ఈ దేశం లేదు. మేనల్లుడిని ఎత్తుకున్నది ఇంతసేపేనా అని పిల్లాణ్ణి ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు. పోతే పోనీ అనుకున్నాడు. ఎన్నాళ్ళనుంచో బిగబట్టిన మొహాన్ని వదిలేశాడు.

ఎంత నవ్వు వచ్చిందని! పళ్ళన్నీ కనబడేలా, పొట్ట ఊగేలా నవ్వాడు. పిల్లాడు ఏడుపు ఆపి చూసి, బోసినోరు తెరిచి కిలకిలమన్నాడు. మేనమామ మీసం పట్టుకుని లాగాడు. బుల్లెమ్మ నవ్వింది. అబ్బులు పగలబడి నవ్వితే మెతుకు ఎగిరి ప్రకాశం కాఫీలో పడింది. ఆ సందట్లో కంసాలి ఒక చెవి, రెండో చెవి చకచకా కుట్టేశాడు. మాణిక్యం ఆనందానికి హద్దు లేదు.

అందరూ మిఠాయి తింటుంటే తాతబ్బాయి మాత్రం కళ్ళు తుడుచుకుని లేచాడు. పిల్లాణ్ణి ముద్దుపెట్టుకుని చెల్లెలికి అందించాడు.

"వస్తానమ్మా. దొరికిపోయి పోవడం కంటే మనమే చెప్పుకుని పోవడం మర్యాద," అని బయటికి నడిచి టాక్సీ ఎక్కాడు. పట్టకారుతో బుల్లెమ్మ, చాపతో అబ్బులు ఎక్కారు. వెనకాల కారులో పిల్లాణ్ణి ఎత్తుకుని మాణిక్యం, కేకలు వేస్తూ ప్రకాశం.

విమానాశ్రయం గుమ్మంలో కాపలావాడు ఆ పట్టకారును చూడగానే గుర్తుపట్టి మదాం సిరాని పిలుచుకొచ్చాడు.

తాతబ్బాయి తల వంచుకున్నాడు. "అమ్మా, తప్పయిపోయింది. నేను నవ్వేశాను. మా ఆవిడా నవ్వింది. తమ్ముడూ నవ్వాడు, మెతుకు కూడా పోయింది. మేమిప్పుడు ఆ ఫొటోలో వాళ్ళం కాము. పంపించెయ్యండి."

మదాం సిరా కారు దిగుతున్న ప్రకాశాన్ని సైగచేసి పిలిచింది. ప్రకాశం వచ్చి సంగతంతా చెప్పాడు. చెప్పేకొద్దీ ఆవిడ బుగ్గలు ఉబ్బాయి, భుజాలు ఊగాయి, చివరికి గోడ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కాపలావాడు నవ్వాడు. చెవులకి కొత్త బంగారంతో పిల్లాడు కూడా నవ్వాడు.

"నవ్వండయ్యా, నెలంతా హాయిగా నవ్వండి! మిమ్మల్ని ఎవరూ పంపించరు!" అంది ఆవిడ నవ్వుతూనే.

తాతబ్బాయికి ప్రాణం లేచివచ్చింది. తలెత్తాడు. ఆవిడ మెడలో ఊగుతున్న కార్డు కంటబడింది. అందులో ఫొటో. ఆ ఫొటోలో ఆవిడ మూతి బిగించుకుని ఉంది.

"అయ్యో అమ్మా! ఎంత పని జరిగింది!" అని లబలబలాడిపోయాడు. "మాకోసం మీరూ నవ్వేశారు! ఇప్పుడు మిమ్మల్ని పంపించేస్తారే!"

బుల్లెమ్మ గబగబా ఆ గుమ్మంలోనే చాప పరిచి, సగం చోటు వదిలి, "కూర్చోండమ్మా, దిగులు పడకండి. మా ఊరు వచ్చెయ్యండి," అంటూ, చేత్తో ముట్టుకోకుండా, ఆ కార్డును పట్టకారుతో భద్రంగా పట్టుకుంది. తాతబ్బాయి అప్పటికే జోగారావుకి ఫోన్ కలిపేశాడు.

"జోగారావుగారూ, ఇక్కడ ఒకావిడకి అర్జంటుగా యానాం రావాలండీ. ఫొటోలో నవ్వలేదు. చెవులు కూడా బాగా కనబడుతున్నాయండీ!"