గున్నమ్మ వాకిట్లో పూలమొక్క

పిప్పలపాడులో గున్నమ్మకి ముగ్గురు కొడుకులు: పెద్దెన్న, నడిపెన్న, చిట్టెన్న. ఊళ్ళో బుర్రలున్నది తమ ముగ్గురికేనని వాళ్ళ నమ్మకం. మిగతావాళ్ళవి ఉత్త తలకాయలే అనేవారు.

దేవుడికి పూలు కావాలంటే గున్నమ్మ రోజూ పక్కింటావిడ దగ్గర చెయ్యి చాచాలి. ఆవిడేమో వాడినవి ఏరి ఇచ్చేది. "మన వాకిలంతా ఎండే కదరా. ఎత్తుగా పెరిగే పూలమొక్క ఏదైనా తెండి," అంది గున్నమ్మ.

నర్సరీ సూరయ్య రెండు చూపించాడు. "ఇది పొద్దుతిరుగుడు, ఇది మెట్టతామర. రెండూ ఎండకి బాగుంటాయి. ఏది కావాలి?"

ముగ్గురూ పక్కకెళ్ళి ఆలోచించారు.

"పొద్దుతిరుగుడు వద్దు. పొద్దస్తమానం తిరిగేదాన్ని ఎవరు వెతుకుతారు?" అన్నాడు పెద్దెన్న.

"తామరైతే అమ్మకి అంటుకుంటుంది. ఒకటే దురద," అన్నాడు నడిపెన్న.

"తిరిగేదాన్ని కట్టేద్దాం. తామరకి మందు రాద్దాం," అన్నాడు చిట్టెన్న.

తమ్ముడి తెలివికి అన్నలిద్దరికీ కళ్ళు చెమర్చాయి. రెండూ కొన్నారు.

"నాటేముందు వేళ్ళు బాగా తడపండి," అని చెప్పి పంపాడు సూరయ్య.

అంతే. ఇంటికి రాగానే మొక్కల్ని ఎండలో పెట్టి, ముగ్గురూ బకెట్లో చేతివేళ్ళు ముంచుకుని కూర్చున్నారు. సాయంత్రానికి వేళ్ళు ఉబ్బాయి, మొక్కలు వేలాడిపోయాయి. అప్పుడు నాటారు. పొద్దుతిరుగుడుని గేదె పలుపుతో గుంజకి బిగించి కడితే దాని మెడ విరిగింది. మెట్టతామరకి ఆకాకుకీ దురద మందు పట్టిస్తే నిలువునా మాడిపోయింది.

మళ్ళీ సూరయ్య దగ్గరికి పరుగెత్తారు. ఆయన జాలిపడి ఇంకో రెండు మొక్కలిచ్చాడు. "వీటినైనా కళ్ళల్లో పెట్టుకుని చూసుకోండి బాబూ."

ఇంకేముంది. పెద్దెన్న పొద్దుతిరుగుడు ఆకు మడిచి కంట్లో కుక్కుకున్నాడు. నడిపెన్న మెట్టతామర మొగ్గ దూర్చుకున్నాడు. చిట్టెన్న మరీ శ్రద్ధ గలవాడు, వేరు మట్టితో సహా పెట్టుకున్నాడు. మొక్కలు మోడులయ్యాయి, కళ్ళు బూరెలయ్యాయి.

గున్నమ్మ ముగ్గురి కళ్ళూ కడుగుతూ ఏడ్చింది. "పూలు లేకపోతే పీడాపోయింది. మీరు ముగ్గురూ పచ్చగా ఉండండ్రా, నాకదే చాలు."

మర్నాడు పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో మూడు గోతులున్నాయి. ముగ్గురు కొడుకులూ ఒళ్ళంతా ఆకుపసరు పూసుకుని, వాటిల్లో మోకాళ్ళదాకా దిగి నిలబడ్డారు. పక్కింటావిడ గోడమీంచి నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఏంట్రా ఇది?" అంది గున్నమ్మ, గుమ్మం పట్టుకుని.

"ఎండ బాగానే తగులుతోందమ్మా," అన్నాడు పెద్దెన్న కదలకుండా. "పూలకి మాత్రం కాస్త ఓపిక పట్టు."