తవ్వక ముందు చెప్పిన తడి

శిష్యులు ఏది అడిగినా ఆచార్య పరాంకుశంగారు గదిలో కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు తొడుక్కుని పొలానికి బయలుదేరేవారు. ఆయన దగ్గర నేలలో నీటి నడక మీద పరిశోధన చేస్తున్న ఇందుమతి ఒకనాడు అడిగింది: "సార్, నా మోడల్‌ని ఎప్పుడు నమ్మొచ్చు?"

ఆ మోడల్ కంప్యూటర్‌లో కట్టిన లెక్క. అడుగు లోతున పాతిన డ్రిప్ పైపు నుంచి నీరు మట్టిలో ఎటు, ఎంత దూరం పాకుతుందో చెబుతుంది. కదిరి దగ్గర ఓబులమ్మ అనే రైతు దాని ప్రకారమే అరెకరంలో పైపులు పాతించింది. మిగతా నాలుగెకరాల్లోనూ పాతించి వేరుశనగ విత్తాలని ఆమె ఆలోచన. తడి పైకెక్కి విత్తనాన్ని అందుకోకపోతే మొలకే రాదు.

ఆచార్యులు ఇందుమతిని అక్కడికే తీసుకెళ్లారు. ఆరుగంటలు నీళ్లు పారించి, పైపుకు అడ్డంగా గుంట తవ్వించారు. నేల పైభాగానికి నాలుగు వేళ్ల దూరం దాకా తడి వస్తుందని లెక్క చెప్పింది. గుంట గోడలో తడి నేల మట్టానికి జానెడు కిందే ఆగిపోయి, పక్కలకు పరుచుకుని ఉంది. ఇందుమతికి తలెత్తుకోబుద్ధి కాలేదు. గట్టు మీద కూర్చుని అంకెలు అటూ ఇటూ మార్చి, గంటలో లెక్కను గుంటతో సరిపెట్టేసింది.

"ఇప్పుడు కుదిరింది సార్," అని లాప్‌టాప్ చూపించింది.

ఆయన అటు చూడనైనా లేదు. "జరిగింది చెప్పడానికి గుంట ఉందిగా అమ్మా. ఇంకోచోట, తవ్వక ముందు చెప్పు."

 ఆ అంకెలు గుంటతో కలిశాయే గానీ, మట్టిలో ఏ కారణంగా అలా ఉండాలో ఇందుమతికే తెలియదు. లాప్‌టాప్ మూసేసి, గుంట గోడలో తడి ఆగినచోట వేలితో పొడిచి చూసి, ఓబులమ్మ దగ్గరికి వెళ్లింది. "ఇక్కడ మట్టి ఇంత గట్టిగా ఉందేమమ్మా?"

"మా నాయన కాలంలో ఈడ బండ్లబాట ఉండె పాపా. ఆ మూల నించి ఈ మూలకు, అడ్డంగా."

ఇందుమతి ఇనప గొట్టం దిగగొట్టి, ఆ దారి పొడవునా మట్టి తీసి చూసింది. పైపుకు కొంచెం పైన, బండి చక్రాలకు అణిగిపోయిన పొర చేతికి తగిలింది. బాట కింద నేలను వేరుగా, మిగతా నేలను వేరుగా పెట్టి రెండు రోజులు లెక్క మళ్లీ కట్టింది. మూడోనాడు బాట అంచున ఒక చోటు ఎంచుకుని, తడి ఎడమవైపు ఎంత ఎక్కుతుందో, కుడివైపు ఎక్కడ ఆగుతుందో కాగితం మీద గీసి ఓబులమ్మ చేతికిచ్చింది. ఆ తరువాతే ఆరుగంటలు నీళ్లు పారించారు, పార పడింది.

ఓబులమ్మ గుంటలోకి దిగి, కాగితం చూస్తూ గోడను వేళ్లతో కొలిచింది. రెండువైపులా తేడా వేలి మందం దాటలేదు. "అయితే బాట ఉన్నకాడ పైపు ఆ గట్టి పొర మీద పాతిస్తా. మిగతాదంతా అడుగు లోతునే," అంది నింపాదిగా.

ఇందుమతి గురువు వైపు తిరిగింది. "ఇక నమ్మొచ్చా సార్?"

"నమ్మాల్సిన మనిషి నమ్మింది," అన్నారాయన. "నువ్వు మాత్రం మూడో గుంట ఎక్కడ తవ్వాలో చూడు."