గంగాళంలో వైఫై పెట్టె

లైటు అప్పుడే ఆర్పకు అమ్మలూ. కథ అయ్యాక ఆర్పుకుందువుగాని. దుప్పటి కప్పుకో, మొహం మాత్రం ఇటు పెట్టు. ఊఁ కొట్టక్కర్లేదు, తలూపితే చాలు నాకు. పక్కకి చూశావంటే కథ అక్కడే ఆగిపోతుంది, తెలుసుగా.

సరే. అనగనగా ఒక ఊరు. మరీ అంత అనగనగా కాదులే, నీకంటే ఓ రెండేళ్ళు పెద్ద కథ. ఆ ఊరి పేరు సామర్లకోట. ఆ ఊళ్ళో ఒక సందు, సందు చివర ఒక ఇల్లు, ఆ ఇంట్లో వీరవేణి అని ఒకావిడ. ఆవిడకి ఒక్కడే కొడుకు, మల్లిబాబు. ఆ మల్లిబాబుకి పలాస నుంచి పెళ్ళాం వచ్చింది. కోడలి పేరు హిమజ.

హిమజకి పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. వాళ్ళమ్మ దమయంతికీ అంతే. తల్లీకూతుళ్ళిద్దరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఏవో నాలుగు సైగలనుకునేవు. వాళ్ళ చేతులు పోట్లాడుకునేవి, వేళాకోళాలాడేవి, పక్కింటివాళ్ళ మీద చాడీలు కూడా చెప్పుకునేవి. మల్లిబాబు పెళ్ళికి ముందే ఆ భాష నేర్చుకున్నాడు, బుద్ధిమంతుడు. కానీ పొద్దున్నే రైసుమిల్లుకి వెళ్తే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాడు.

దమయంతి పలాసలో జీడిపప్పు వలిచే పనికి వెళ్ళేది. ఆవిడ బడి మొహం చూడలేదు. ఒక్క అక్షరం చదవలేదు, రాయలేదు. కూతురితో మాట్లాడాలంటే ఫోనులో బొమ్మ కనపడాల్సిందే. సాయంత్రం పని నుంచి వచ్చి, జీడితో నల్లబడ్డ వేళ్ళు కడుక్కుని, ఫోను గోడకి ఆనించుకుని కూచునేది.

వీరవేణి ఇంట్లో మామూలు సెల్లు సిగ్నలు అంతంతమాత్రం. అందుకని మల్లిబాబు ఫైబర్ కనెక్షన్ పెట్టించాడు. అప్పుడు జోజి గారని ఒక మీసాలాయన వచ్చి, గుమ్మం పక్కన గోడకి చిన్న తెల్లపెట్టె బిగించాడు. దానికి పొడుగు వైరు తగిలించి, హాలు మధ్యలో బల్ల మీద రెండు కొమ్ముల నల్లపెట్టె పెట్టాడు. గాల్లోకి వైఫై పంపేది ఆ నల్లపెట్టే.

"ఇది ఇక్కడే ఉండాలండి. దీని మీద ఏమీ కప్పొద్దండి," అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

వీరవేణి తలూపింది. ఆయన గేటు దాటేదాకా ఊపుతూనే ఉంది.

ఇప్పుడు విను, అసలు సంగతి ఇక్కడుంది. అంతకుముందు ఏడు వాళ్ళ టీవీ పెట్టెలోకి బల్లి దూరి పెట్టె మాడిపోయింది. వెచ్చగా ఉన్నచోటికి బల్లులు చేరతాయి కదా. కొత్త నల్లపెట్టె మీద చెయ్యి వేసి చూస్తే వెచ్చగా ఉంది. ఇంకేముంది, వీరవేణికి గుండెల్లో రాయి పడింది.

అప్పుడావిడ హాలు మూలకి చూసింది. అక్కడ హిమజ సారెలో వచ్చిన ఇత్తడి గంగాళం పీట మీద ధగధగలాడుతోంది. దమయంతి మూడేళ్ళు కూడబెట్టి కొన్న గంగాళం అది, నీలాంటి పిల్లలు ఇద్దరు పట్టేంత. ఆ ఇంట్లో ఏది అపురూపమైనా వీరవేణి అందులోనే దాచేది. పట్టుచీర అందులోనే, ఇంటి కాగితాలు అందులోనే. నల్లపెట్టెని కూడా అందులో దింపింది. ఇత్తడి మూత పెట్టింది, వైరు దూరేంత సందు వదిలింది, పైన తన చేత్తో అల్లిన లేసుగుడ్డ కప్పింది. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది.

ఆ తర్వాత ఏమైంది? ఫోనులో బొమ్మ నత్తలా నడిచింది.

ఆ సాయంత్రం దమయంతి, "ఏం కూర వండావు?" అని అడుగుదామని చేతులు ఎత్తింది. చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. హిమజ ఎదురుచూసింది. చాలాసేపటికి చేతులు కిందికి దిగి కనిపించాయి, మధ్యలో మాట మాయమైంది. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. చెవులున్నవాళ్ళకైతే బొమ్మ ఆగినా గొంతు వస్తుంది. వీళ్ళకి బొమ్మ ఆగితే నోరు నొక్కేసినట్టే.

ఆ మూడో రోజు హిమజ మొహం కూడా ఆగిపోయింది. కళ్ళు సగం మూసుకుని, పెదవులు వంకర తిరిగి, కళ్ళలో నీళ్ళతో ఆగిపోయింది. దమయంతి ఆ బొమ్మని అలాగే చూస్తూ కూచుంది. ఆవిడకి అన్నం సహించలేదు. పిల్ల ఏడుస్తోంది, ఆ ఇంట్లో ఏదో జరుగుతోంది, మాట్లాడబోతే ఎవరో ఆపేస్తున్నారు అనుకుంది.

అప్పుడు, ఆ చేతుల భాష కాస్త తెలిసిన పక్కింటి టీచరమ్మ చేత ఒక మెసేజి రాయించింది. "శుక్రవారం వస్తున్నాను. నిన్ను తీసుకెళ్ళిపోతాను. బట్టలు సర్దుకో." 

హిమజ గాభరాపడి, "నేను బాగానే ఉన్నానమ్మా, రావద్దు," అని రాసింది. టీచరమ్మ అది చదివి చేతులతో చెప్పింది. దమయంతి అడ్డంగా తల ఊపింది. "రాత ఎవరైనా రాయొచ్చు. నా పిల్ల చేతులు చెప్తే నమ్ముతాను," అంది. ఆవిడ అంత మొండిది.

ఇటు సామర్లకోటలో వీరవేణికీ దిగులు పట్టుకుంది. కోడలంటే ఆవిడకి ప్రాణం. కానీ కోడలితో మాట్లాడ్డం రాదు. అన్నం చూపించేది, మంచం చూపించేది, నవ్వేది. అంతకుమించి ఆ ఇద్దరి మధ్యా మాట లేదు. ఈ పిల్ల వెళ్ళిపోతే ఇక రాదేమోనని లోపల్లోపల కుమిలిపోయింది. వెంటనే జోజి గారికి ఫోను చేయించింది.

జోజి గారి బండి సందు తిరగడం కిటికీలోంచి కనపడింది. అప్పుడు వీరవేణి ఏం చేసిందో తెలుసా? గబగబా మూత తీసి, నల్లపెట్టెని పైకి లాగి, కొంగుతో తుడిచి, బల్ల మీద ఎక్కడ పెట్టమన్నాడో అక్కడ పెట్టేసింది. చెప్పిన మాట వినలేదని ఆయన ఏమైనా అంటాడేమోనని సిగ్గు. టీచరు తరగతిలోకి రాగానే నువ్వు పుస్తకం తెరుస్తావే, అలాగన్నమాట.

జోజి గారు తెల్లపెట్టెకి తన లాప్‌టాప్ వైరుతో తగిలించి చూశాడు. రెండు వందల వేగం చూపించింది. వైఫైలో చూశాడు, అదీ బాగుంది. "లైను నిక్షేపంలా ఉందండి," అని వెళ్ళిపోయాడు. పెట్టె మళ్ళీ గంగాళంలోకి వెళ్ళింది. సాయంత్రం చేతులు మళ్ళీ ఆగిపోయాయి.

రెండోసారి ఆయన వచ్చేసరికి పెట్టె మళ్ళీ బల్ల మీద ఉంది. ఆయన వైరు మార్చాడు, పెట్టె ఆపి మళ్ళీ వేశాడు. అప్పుడు హిమజ ఫోను తీసుకుని చూశాడు. ఆ పెట్టె రెండు పేర్లతో వైఫై ఇస్తుంది. ఒకటి దూరం వెళ్తుంది గానీ నెమ్మది. ఇంకోటి చురుకైంది గానీ గోడలు దాటలేదు. చురుకైనదానికి ఫోను కలిపి, "ఇక పరుగులేనండి," అన్నాడు. సాయంత్రానికి పరుగూ లేదు, నడకా లేదు.

మూడోసారి గురువారం నాడు వచ్చాడు. అప్పుడూ పెట్టె బల్ల మీదే ఉంది. హాల్లో చూశాడు, వంటింట్లో చూశాడు, వెనక గదిలో చూశాడు. అన్నిచోట్లా బాగుంది. ఆయన మీసం గోక్కున్నాడు.

"అమ్మగారూ, నేనుంటే నడుస్తది, నేను పోతే ఆగుతది. ఇదేం పెట్టండీ బాబూ? మీరు దీన్ని ఇక్కణ్ణించి కదపట్లేదు కదా?"

"ఇక్కడే ఉంది కదయ్యా, నీ కళ్ళెదురుగుండా," అంది వీరవేణి, కొంగు సర్దుకుంటూ.

అబద్ధం ఆడలేదు చూడు. నిజమూ చెప్పలేదు.

హిమజ ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదంటావా? ఆయన వచ్చినప్పుడల్లా ఆ పిల్ల పెరట్లోనో, వంటింట్లోనో ఉండేది. వైరు ఆ మూలకి వెళ్తోందని తెలుసు, కానీ కొత్తకోడలు అత్తగారి లేసుగుడ్డ ఎత్తి చూస్తుందా? ఇక మల్లిబాబు సంగతి అడక్కు. తన చెప్పులెక్కడున్నాయో కూడా ఆ అబ్బాయికి ఇంకొకరు చూపించాలి.

ఆ గురువారం జోజి గారు గేటు దాటగానే హిమజ మేడ మీంచి ఆరిన బట్టలతో దిగింది. దిగి, గుమ్మంలోనే ఆగింది. అత్తగారు నల్లపెట్టెని పసిపిల్లని పడుకోబెట్టినట్టు గంగాళంలో పడుకోబెడుతోంది. మూత పెడుతోంది. లేసుగుడ్డ సర్దుతోంది.

హిమజకి అంతా తెలిసిపోయింది. చదువుకున్న పిల్ల కదా. ఆ ఇత్తడి దాటి వైఫై బయటికి రాలేదు. మూత సందులోంచి వచ్చే కాస్తా బొమ్మకి చాలదు. గుమ్మం దాకా వేగం పరిగెత్తుకుంటూ వచ్చి, ఇంట్లోకొచ్చి గంగాళంలో పడిపోతోంది. అదీ తన తల్లి ఇచ్చిన గంగాళంలో.

కోపం వచ్చిందా అంటే వచ్చింది. కానీ అత్తగారి మీద అరవడానికి ఆ పిల్లకి గొంతూ లేదు, మనసూ లేదు. సాయంత్రం దాకా ఆగింది.

సాయంత్రం దమయంతి ఫోను చేసింది. హిమజ అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి పక్కన కూచోబెట్టుకుంది. బొమ్మలో దమయంతి చేతులు గాల్లో ఆగి ఉన్నాయి. అప్పుడు హిమజ లేచి, గుడ్డ తీసి, మూత ఎత్తి, పెట్టెని బల్ల మీద పెట్టింది. కాసేపటికి దమయంతి చేతులు కదిలాయి.

హిమజ పెట్టెని మళ్ళీ గంగాళంలో దింపి మూత పెట్టింది. చేతులు ఆగిపోయాయి. వీరవేణి ఫోను వంక చూసింది, గంగాళం వంక చూసింది.

మూడోసారి హిమజ కదల్లేదు. వీరవేణే లేచింది. తనే మూత తీసి, రెండు చేతులతో పెట్టెని పైకెత్తి బల్ల మీద పెట్టింది. దమయంతి చేతులు మళ్ళీ కదిలాయి. వీరవేణి నేల మీద కూలబడి ఏడ్చింది. "నా చేతుల్తో నేనే మూసేశాను తల్లీ," అంది.

అప్పుడు తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నారు. ఒక్క మాట కూడా తెగలేదు.

"ఆ రోజు ఎందుకు ఏడ్చావు?" అంది దమయంతి.

"ఏడవలేదమ్మా. తుమ్మబోయాను, బొమ్మ ఆగిపోయింది," అంది హిమజ.

దమయంతికి నవ్వాగలేదు. కానీ ఆవిడ తల్లి కదా, నవ్వుతూనే కూతురి మొహం వెతికింది. "మరి ఆ కళ్ళకింద దిగులేమిటి?" అంది.

హిమజ అత్తగారి వంక ఒకసారి చూసింది. ఆ తర్వాత చెప్పింది. "అత్తయ్య మంచిదమ్మా. ఆయనా మంచివాడే. కానీ పగలంతా నా చేతులు ఖాళీగా ఉంటున్నాయి."

వీరవేణికి ఆ మాట అర్థం కాలేదు. ఏమంటోందని గడ్డం ఎగరేసి అడిగింది. హిమజ కేలెండరు కాగితం వెనక రాసి ఇచ్చింది. "పగలంతా నాతో మాట్లాడేవాళ్ళు లేరు అత్తయ్యా."

వీరవేణి రెండుసార్లు చదివింది. మూడోసారి చదవలేక కాగితం మడిచింది. ఫోను ముందుకొచ్చి కూచుంది. తన రెండు చేతులూ దమయంతికి చూపించింది, గుండె మీద వేసుకుంది, మళ్ళీ ముందుకి చాపింది. ఆవిడకి ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా దమయంతికి తెలిసింది. ఈ చేతులకి కూడా నేర్పమంటోంది.

శుక్రవారం దమయంతి రైలెక్కింది. రాకుండా మానుతుందా? కూతుర్ని తీసుకెళ్ళడానికి కాదు, వియ్యపురాలికి మాటలు నేర్పడానికి. సంచీ నిండా జీడిపప్పు తెచ్చింది, పది రోజులు ఉంది. వీరవేణి మొట్టమొదట నేర్చుకున్న మాట "తిన్నావా?" ఆ రోజు ఆ మాట కోడల్ని ఇరవైసార్లు అడిగింది.

నల్లపెట్టెని ఇంటి నడిమధ్య చెక్క అలమార పైన పెట్టారు, మూతా లేదు, గుడ్డా లేదు. బల్లులు రాకుండా పక్కన నెమలీక పెట్టుకుంది వీరవేణి. అది మాత్రం ఎవరు చెప్పినా తియ్యలేదు. గంగాళాన్ని అటకెక్కించి, నువ్వు పుట్టినప్పుడు దింపారు, నీకు నీళ్ళు పొయ్యడానికి.

ఏమిటా చూపు? అవును, నీకే. ఆ హిమజ మీ అమ్మ. గంగాళం అత్తగారు మీ నానమ్మ, అదిగో తలుపు దగ్గర నిలబడి, మళ్ళీ తన పరువు తీస్తున్నానని నా మీద చేతులు తిప్పుతోంది చూడు. ఎంత బాగా తిడుతోందో, నేను నేర్పినవే అవన్నీ.

ఆ మొండి దమయంతిని నేను. ఇక్కడ పలాసలో గోడకి ఫోను ఆనించుకుని, ఈ నల్లటి వేళ్ళతో నీకింత కథ చెప్పాను. ఒక్కసారైనా ఆగానా? అందుకే లైటు ఆర్పొద్దన్నాను. చీకట్లో అమ్మమ్మకి మాట ఉండదు.

కథ కంచి దారి పట్టింది,
గంగాళం అటకెక్కింది,
పెట్టె పైన కూచుంది,
పిల్లకి నిద్దరొచ్చింది.

నీ చేతులు దుప్పట్లో పెట్టుకో అమ్మలూ. ఇప్పుడు ఆర్పు లైటు.